అమెరికా వెళ్లే ఎమ్మెస్ పిల్లలకు ఉద్యోగం వెతుక్కునే ఇంగ్లీషు: ఆరు వారాల్లో ఏం చెప్పాలి?

కర్నూల్‌రోడ్_క్లాస్

ఒంగోలులో చిన్న స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ మాది. ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా ఫ్లైట్ ఎక్కబోయే పిల్లలు 14 మంది ఒకే బ్యాచ్‌గా చేరారు. అందరిదీ బీటెక్. ఎక్కువమంది సీఎస్‌ఈ, ఇద్దరు సివిల్, ఒకమ్మాయి ఈసీఈ. సగంమందికి ఐఈఎల్‌టీఎస్‌లో 6, 6.5 వచ్చాయి, మిగతావాళ్లు రాసిన ఇంగ్లీషు పరీక్షలు పీటీఈ, డ్యూయోలింగో. చదివితే అర్థమవుతుంది, రాస్తే పెద్దగా తప్పులుండవు, నోరు తెరిస్తేనే ఇబ్బంది. వాళ్లకు కావాల్సింది గ్రామర్ కాదు. దిగిన వెంటనే క్యాంపస్‌లో పార్ట్‌టైం, తర్వాత ఇంటర్న్‌షిప్, ఆపైన ఉద్యోగం. వీటికి పనికొచ్చే ఇంగ్లీషు చెప్పమంటున్నారు.

చేతిలో ఆరు వారాలున్నాయి. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర. నేను అనుకున్న వరస ఇది: సెల్ఫ్ ఇంట్రడక్షన్, రెజ్యూమె, 50 హెచ్‌ఆర్ ప్రశ్నలు జవాబులతో సహా, గ్రూప్ డిస్కషన్, చివర్లో మాక్ ఇంటర్వ్యూలు. సరిపోతుందా? ఏ అనుభవమూ లేని పిల్లాడి రెజ్యూమెలో ఏం రాయించాలి? వీసా రూల్స్ అడిగితే ఇంగ్లీష్ టీచర్ ఎంతవరకు చెప్పొచ్చు? ఈ పని చేస్తున్నవాళ్లు వివరంగా చెప్పండి.

దర్గామిట్ట_టీచర్

ముందు ఆ 50 ప్రశ్నలు పక్కన పెట్టండి. మన పిల్లలకు బట్టీ పట్టడం బాగా వచ్చు, అసలు జబ్బే అది. "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ నెల్లూరు, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై హాబీస్ ఆర్ లిజనింగ్ టు మ్యూజిక్" అని కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో నేర్పింది గడగడా అప్పజెబుతారు. అవతలివాడు మధ్యలో ఆపి "నీ ప్రాజెక్టులో ఆ డేటా ఎక్కణ్ణుంచి తెచ్చావ్?" అంటే అక్కడితో ఆగిపోతారు. పీటీఈలో అయితే మాట్లాడేది కంప్యూటర్‌తోనే, మనిషి ఎదురుగా కూర్చుని తిరిగి ప్రశ్న వేసే పనే లేదు. కాబట్టి స్కోరు చూసి ధైర్యపడొద్దు.

రెండోది క్యాలెండర్. చాలా యూనివర్సిటీల్లో కెరీర్ ఫెయిర్ సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే పెడతారు. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే అప్లికేషన్లు తెరుస్తాయి. పిల్లాడు దిగి, ఇల్లు వెతుక్కుని, బ్యాంక్ అకౌంట్ తెరిచి, సరుకులు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకునే లోపు ఆ గడువు సగం గడిచిపోతుంది. అంటే రెజ్యూమె విమానం ఎక్కకముందే తయారై ఉండాలి. మీ ఆరు వారాల్లో మొదటి రెండున్నర వారాలు దానికే ఇవ్వండి. అది భాషా పాఠం కాదనుకోకండి. తను చేసిన పని గురించి కచ్చితంగా చెప్పడం నేర్చుకునేది రెజ్యూమె రాసేటప్పుడే. తర్వాత ఇంటర్వ్యూలో మాట్లాడేదీ అదే సరుకు.

మొదటి క్లాసులో రెజ్యూమె ఫార్మాట్ చూపించొద్దు. చూపిస్తే అందరూ ఒకే దాన్ని దించేస్తారు. తెల్లకాగితం ఇచ్చి గత నాలుగేళ్లలో చేసిన పనులన్నీ రాయమనండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు. "నేనేం చెయ్యలేదు సార్" అంటారు. ఇంకొంచెం తవ్వాలి. ఉదాహరణకు ఇందుకూరుపేట వైపు పిల్లాడు "హెల్ప్‌డ్ మై ఫాదర్ ఇన్ ఆక్వా బిజినెస్" అని రాస్తాడు. ఆ లైన్‌తో ఎవరికీ ఏమీ తెలియదు. గుంటలెన్ని? నాలుగు. ఏం సాగు? వనామీ రొయ్య. నువ్వేం చేసేవాడివి? తెల్లారుజామున, సాయంత్రం డీఓ మీటర్ పెట్టి నీళ్లలో ఆక్సిజన్, పీహెచ్ చూసి నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. తెల్లారుజామునే ఎందుకు? అప్పుడే ఆక్సిజన్ బాగా పడిపోతుంది, 4 కంటే తగ్గితే ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు) వేసేస్తాం. ఆ నోట్‌బుక్ ఎప్పుడైనా ఎక్సెల్‌లోకి ఎక్కించావా? ఎక్కించాను, మేత లెక్క కూడా. ఇప్పుడు లైన్ వచ్చింది: "రికార్డెడ్ డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ అండ్ పీహెచ్ ట్వైస్ ఎ డే ఇన్ ఫోర్ ష్రింప్ పాండ్స్, మూవ్డ్ ద హ్యాండ్‌రిటెన్ లాగ్ టు ఎక్సెల్ టు ట్రాక్ ఫీడ్ యూజ్." మొదట క్రియ, తర్వాత ఏ వస్తువు, ఎన్ని, దేంతో, దేనికోసం. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో ట్యాలీ చూసినవాడికైనా, మెడికల్ షాపులో స్టాక్ రాసినవాడికైనా ఇదే పద్ధతి. క్యాంపస్ డైనింగ్‌లోనో లైబ్రరీ డెస్క్‌లోనో పనికి ఈ లైన్ చాలాసార్లు బీటెక్ ప్రాజెక్టు కంటే బాగా పనికొస్తుంది, ఎందుకంటే రోజూ టైముకి వచ్చి లెక్క రాసే మనిషని అది చెబుతుంది. చెయ్యని పని మాత్రం ఒక్క ముక్క కూడా రాయనీయకండి. నాలుగు గుంటలుంటే నాలుగే.

బీటెక్ ప్రాజెక్టు దగ్గర ఇంకో చిక్కుంది. ప్రాజెక్ట్ సెంటర్లో డబ్బిచ్చి తెచ్చుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. తిట్టి లాభం లేదు. మీ ఆరు వారాల్లోనే చిన్నదొకటి సొంతంగా చేసి గిట్‌హబ్‌లో (కోడ్ నలుగురికీ కనబడేలా పెట్టే సైట్) పెట్టమనండి. అదే మేత లెక్కను గ్రాఫ్ వేసే పైథాన్ స్క్రిప్ట్ అయినా చాలు. మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన చిన్న ప్రాజెక్టు, ఒక్క ప్రశ్నకూ నిలవని పెద్ద ప్రాజెక్టు కంటే నయం.

ఫార్మాట్ విషయం త్వరగా చెప్పేస్తా. ఒకే పేజీ. ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్ట్ నంబర్, కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అని సంతకం, ఇవన్నీ తీసేయాలి. పదో తరగతి, ఇంటర్ మార్కులు అక్కర్లేదు. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, బొమ్మలు పెట్టిన టెంప్లేట్లు వద్దు, కంపెనీలు రెజ్యూమెలు వడగట్టే సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా చదవలేక సగం వదిలేస్తుంది. తేదీలు అంకెల్లో వద్దు. 05/08 అంటే మనకు ఆగస్టు 5, అమెరికావాళ్లకు మే 8. నెల పేరు అక్షరాల్లో రాయిస్తే గొడవ లేదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అలాంటివాళ్లుంటే ఇప్పుడే కనుక్కోండి. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, యూనివర్సిటీ మెయిల్‌లో పేరు ఒకేలా ఉండేలా ఒక రూపం ఖాయం చేసుకోవాలి.

ఇక "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". నిమిషం, మించితే నిమిషంన్నర. ఇప్పుడేం చదువుతున్నాను, చేసిన పనుల్లో ఈ ఉద్యోగానికి దగ్గరగా ఉన్నది ఒకటి, ఇక్కడికి ఎందుకు అప్లై చేశాను. అంతే. దీన్ని కాగితం మీద పూర్తిగా రాయనీయొద్దు, రాస్తే బట్టీయే. చీటీ మీద ఐదు మాటలు మాత్రమే. ఆ చీటీతో ఒకడికి రెండు నిమిషాలు చెప్పాలి, ఇంకొకడికి నిమిషంన్నరలో, మూడోవాడికి నిమిషంలో. విన్న ప్రతివాడూ చివర్లో ఒక ప్రశ్న వెయ్యాలి: ఎన్ని, ఎందుకు, నువ్వు చేసిందేది. మూడోసారికి వాక్యాలు వాటంతట అవే కుదురుకుంటాయి, ప్రతిసారీ కాస్త వేరుగా వస్తాయి. మనకు కావాల్సింది అదే.

పెన్నాగట్టు

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తున్నా. వీసా ప్రశ్నకు నా జవాబు: టీచర్ రూల్‌ను పరిచయం చెయ్యాలి కానీ ఫలానా పిల్లాడు ఏం చెయ్యాలో తీర్పు చెప్పకూడదు. అది యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్ఓ పని. కానీ డీఎస్ఓ దగ్గరకు వెళ్లి ఏం అడగాలో తెలియాలంటే ఈ మాటలు పిల్లలకు ముందే తెలిసుండాలి.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చెయ్యొచ్చు, సెలవుల్లో ఫుల్‌టైం కుదురుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ (జీతానికీ పన్నులకీ అక్కడ వాడే నంబర్) ముందే ఇవ్వరు. క్యాంపస్ ఉద్యోగం ఖాయమయ్యాక ఆ డిపార్ట్‌మెంట్ ఇచ్చే లెటర్, డీఎస్ఓ లెటర్ తీసుకుని అప్లై చెయ్యాలి. "నంబర్ లేకుండా ఉద్యోగానికి ఎలా అప్లై చెయ్యాలి?" అని ప్రతి పిల్లాడూ కంగారు పడతాడు. ముందు ఉద్యోగం, తర్వాతే నంబర్. ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ (చదువు మధ్యలో, కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి) కావాలి, మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. ఫుల్‌టైం సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, ఎక్కువమంది డిగ్రీ అయ్యాక వాడేది) పోతుంది. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులకు ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు, దానికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని ప్రభుత్వ రికార్డులతో సరిచూసే వ్యవస్థ) ఉండాలి. ఓపీటీ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. అందుకే చదువు అయ్యాక వెతుకుదాంలే అనడం కుదరదు. ఇవి మారే రూల్స్ కాబట్టి ప్రతి బ్యాచ్‌కీ ప్రభుత్వ సైట్ తెరిచి అక్కడ రాసింది పిల్లల చేతే చదివించండి. మంచి రీడింగ్ పాఠం కూడా అవుతుంది.

ఆన్‌లైన్ అప్లికేషన్లలో రెండు ప్రశ్నలు పక్కపక్కనే వస్తాయి. అమెరికాలో పని చెయ్యడానికి నీకు చట్టప్రకారం అనుమతి ఉందా? ఇప్పుడు గానీ ముందుముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? రెండోదాంట్లో "ఆర్ ఇన్ ద ఫ్యూచర్" అన్న ముక్కను హడావిడిలో దాటేసి "నో" కొట్టేస్తారు. తర్వాత హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) కావాల్సినవాడికి నిజమైన జవాబు "యెస్". ఆఫర్ దాకా వచ్చాక అబద్ధం బయటపడితే ఆఫర్ పోతుంది. రెండు ప్రశ్నలూ బోర్డు మీద రాసి, నాలుగు రకాల పరిస్థితులిచ్చి, ఎవరు ఏం కొట్టాలో వాదించుకోమనండి. పావుగంట పని.

రెండు విషయాల్లో మాత్రం మెత్తబడొద్దు. బయట గ్యాస్ స్టేషన్లో చేతికి క్యాష్ ఇచ్చే పని, ఫుడ్ డెలివరీ యాప్‌లు: అనుమతి లేని పని, స్టేటస్‌కే ముప్పు. లేని ఐదేళ్ల అనుభవం రాసిపెట్టే కన్సల్టెన్సీ రెజ్యూమె: దానికి ఇంటర్వ్యూ కోచింగ్ ఇమ్మని మీ దగ్గరికే వస్తారు, ఇవ్వొద్దు. "మా సీనియర్లందరూ అట్లే చేశారు సార్" అంటారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే ఉద్యోగంతో ఆగదు, తర్వాత పెట్టుకునే వీసా కాగితాల దాకా వెంటాడుతుందని చెప్పండి.

కర్నూల్‌రోడ్_క్లాస్

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. వరస మార్చేస్తున్నా. ఇంకో రెండు సందేహాలు. పిల్లల చేత ప్రొఫెసర్‌కి మెయిల్ రాయిస్తే "రెస్పెక్టెడ్ సర్" దగ్గర మొదలుపెట్టి "డూ ద నీడ్‌ఫుల్" దగ్గర ఆపుతున్నారు. లేదంటే ఏఐ రాసిచ్చిన పేజీడు మెయిల్ తెస్తున్నారు. రెండోది ఉచ్చారణ. యాక్సెంట్ ట్రైనింగ్ ఇవ్వమని తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు, ఇవ్వాలా?

చీమకుర్తి_చిన్నోడు

యాక్సెంట్ ట్రైనింగ్ అక్కర్లేదు. పిల్లాడు చెప్పింది అవతలివాడు ఒక్కసారికే పట్టుకోగలిగితే చాలు. దానికి పరీక్ష ఇలా పెట్టండి. ఇద్దర్ని వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకడు తన పేరు స్పెల్లింగ్‌తో, ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ చెప్పాలి, రెండోవాడు రాసుకోవాలి. తర్వాత పోల్చి చూడండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి. "డబుల్ నైన్, ట్రిపుల్ జీరో" అక్కడ సరిగా పట్టుకోరు, అంకెలు విడివిడిగా, మూడు-మూడు-నాలుగుగా చెప్పాలి. జెడ్‌ను అక్కడ జీ అంటారు. వీ, బీ, డీ తేడా ఫోన్లో వినపడదు కాబట్టి "వీ యాజ్ ఇన్ విక్టర్" అనడం అలవాటు చెయ్యాలి. ఇంటిపేరుకీ పేరుకీ మధ్య కాస్త ఆగాలి, మనవాళ్లు తమ పేరునే అన్నిటికంటే వేగంగా మింగేస్తారు. మెయిల్ ఐడీ చిన్ను_రాకింగ్_143 అని ఉంటే ఆ రోజే కొత్తది తీయించండి.

ధ్వనుల్లో రెండే పట్టుకోండి. "ఎ"తో మొదలయ్యే మాటలకు ముందు "య" చేరడం: యెక్స్‌పీరియన్స్, యెంప్లాయర్. హల్లుతో ఆగాల్సిన చోట చివర "ఉ" రావడం: టెస్టు, ప్రాజెక్టు. వీటికంటే ముఖ్యం ఏ అక్షరం మీద బరువు వెయ్యాలన్నది. డెవలప్‌మెంట్‌లో "వె" మీద, ఇంజినీర్‌లో చివరి "నీర్" మీద. పిల్లాడి రెజ్యూమెలోంచే 20 మాటలు తీసి వాటికే సాధన చేయించండి. పుస్తకంలో లిస్టులు దండగ. ఇంకో మాట: వేగం తగ్గించమంటే తగ్గదు, వాక్యాన్ని ముక్కలు చేసి ముక్కకొకసారి ఆగమంటే తగ్గుతుంది.

మెయిల్‌కి ఐదారు వాక్యాలు చాలు. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు నంబరో ఉద్యోగం పేరో ఉండాలి, ఉత్త "రిక్వెస్ట్" అని కాదు. "డియర్ ప్రొఫెసర్" అని ఆయన ఇంటిపేరు. నేనెవరిని, ఏ సెమిస్టర్‌లో చేరుతున్నాను. ఆయన చేస్తున్న పనిలో నేను చదివింది ఏది, ఒక్క వాక్యంలో. దానికి దగ్గరగా నేను చేసింది ఏది, అది చూడ్డానికి లింక్. తర్వాత ఒకే ఒక్క అడిగేమాట: "ఈ ఫాల్‌లో (ఆగస్టు సెమిస్టర్) గ్రేడర్ (పేపర్లు దిద్దే విద్యార్థి) అవసరం ఉంటుందా?" అంటే దానికి ఆయన అవునో కాదో చెప్పగలడు. "కైండ్లీ ప్రొవైడ్ ఎనీ ఆపర్చునిటీ" అంటే ఏం చెప్పాలో ఆయనకూ తెలియదు. ఒకే మెయిల్‌ను 40 మందికి పంపేవాళ్లుంటారు. పేరు మార్చి అతికించేటప్పుడు ఆ పేరొక్కటి వేరే ఫాంట్‌లో కనబడుతుంది, చూడగానే దొరికిపోతారు. జవాబు రాకపోతే వారం ఆగి ఒకసారి గుర్తు చెయ్యాలి, రెండోసారి వద్దు.

ఏఐ వాడొద్దని చెప్పినా ఆగరు. కాబట్టి వరస తిప్పండి. ముందు సొంతంగా చేత్తో రాసి, తర్వాత తప్పులు దిద్దించుకోమనండి. దిద్దినదాంట్లో ప్రతి మాటకూ అర్థం చెప్పమని క్లాసులో అడగండి. "లెవరేజ్డ్" అంటే ఏంటో చెప్పలేనివాడు అది తీసేయాలి.

"పాస్డ్ అవుట్ ఇన్ 2024", "ఐ యామ్ హ్యావింగ్ నాలెడ్జ్", "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్", ఇలా మనదేశంలోనే చెల్లే వాడుకలు నాలుగైదు ఒక ఛార్ట్ మీద రాసి గోడకి తగిలించండి, పాఠం అక్కర్లేదు.

ఫోన్‌లో వాయిస్‌మెయిల్ పెట్టుకోవడం కూడా నేర్పండి, మనకు అలవాటు లేని పని. రిక్రూటర్ తెలియని నంబర్ నుంచి చేస్తాడు. ఎత్తి "హలో… హలో… హూ ఈజ్ దిస్?" అనకుండా "హలో, దిస్ ఈజ్ ఫలానా" అనాలి. ఎత్తలేకపోతే వినబడే గ్రీటింగ్‌లో కూడా పేరుండాలి.

కొత్తపట్నం_గాలి

గ్రూప్ డిస్కషన్ పూర్తిగా తీసెయ్యకండబ్బా. అమెరికాలో ఉద్యోగానికి ఆ రౌండ్ పెట్టడం అరుదే, నిజం. కానీ అక్కడ క్లాసులో గ్రూప్ ప్రాజెక్టులు తప్పవు, మాట మధ్యలో మర్యాదగా దూరడం మన పిల్లలకు రాదు. అరిచి గెలిచే జీడీ కాకుండా, నలుగురికి ఒక పనిచ్చి, పక్కవాడు చెప్పినదాన్ని ఒక వాక్యంలో తిరిగి చెప్పాకే తన మాట చెప్పాలని నియమం పెట్టండి. ఒకటి రెండు క్లాసులు చాలు.

మీ దగ్గర యూకే పోయేవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లకు వేరుగా చెప్పాలి. అక్కడ సీవీ అంటారు, రెండు పేజీలున్నా తప్పు లేదు, తేదీలు మనలాగే. డిగ్రీ స్థాయి కోర్సుకు టర్మ్‌లో వారానికి 20 గంటలు. సొంతంగా చేసుకునే పనికి స్టూడెంట్ వీసాలో అనుమతి లేదు, డెలివరీ యాప్‌లు ఎక్కువ దాని కిందికే వస్తాయి.

దర్గామిట్ట_టీచర్

ఆ నియమం బాగుంది, అలాంటి జీడీకి నా అభ్యంతరం లేదు.

మాక్ ఇంటర్వ్యూల గురించి మొదటి పోస్టులో రాయలేదు. "నువ్వు ఇబ్బంది ఎదుర్కొన్న సందర్భం చెప్పు" తరహా ప్రశ్నలకు స్టార్ పద్ధతి అందరికీ తెలిసిందే: పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం. మన పిల్లలు పరిస్థితికే నిమిషంన్నర తింటారు, చేసిన పని దగ్గరకొచ్చేసరికి "వియ్ కంప్లీటెడ్ ఇట్ సక్సెస్‌ఫుల్లీ" అని ముగించేస్తారు. నలుగురిలో నువ్వు చేసిందేదో అవతలివాడికి అందదు. "నేను చేశాను" అనడం గొప్పలు పోవడమని ఇంట్లో నేర్పారు, అందుకే "వియ్". పరిస్థితికి రెండు వాక్యాలు, చేసిన పనికి కనీసం నాలుగు, ఆ నాలుగూ "ఐ"తో మొదలవ్వాలని లెక్క పెట్టండి. వింటున్నవాడు వేళ్ల మీద లెక్కపెడతాడు.

తెలియని ప్రశ్న వస్తే మౌనంగా ఉండిపోవడం, లేదా తెలిసినట్టు అల్లడం, రెండూ దెబ్బే. మూడు మెట్ల జవాబు అలవాటు చెయ్యండి: అది వాడలేదు, దానికి దగ్గరది ఇది వాడాను, నాకిస్తే ఇలా మొదలుపెడతాను. ప్రశ్న అర్థం కాకపోతే "సారీ?" అని ఊరుకోకుండా అర్థమైనంతవరకు తిరిగి చెప్పి అడగాలి: "ఆర్ యూ ఆస్కింగ్ అబౌట్ ద డేటా ఆర్ ద మోడల్?"

మాక్‌లో మీరే కూర్చుంటే లాభం తక్కువ, మీ గొంతు వాళ్లకు అలవాటైపోయింది. అక్కడ చదువుతున్న పాత విద్యార్థుల్ని వీడియోలో పట్టుకోండి. ముందు ఒక్క లైన్ ఉద్యోగ ప్రకటన మాత్రమే పంపండి, ప్రశ్నలు పిల్లలకు తెలియనీయొద్దు. మన ఉదయం 7 అంటే న్యూయార్క్ వైపు వేసవి టైంలో ముందు రోజు రాత్రి 9:30, డల్లాస్‌లో 8:30. నవంబర్ మొదటి ఆదివారం తర్వాత ఒక గంట వెనక్కి వెళుతుంది. ఆదివారం ఉదయం మనకు ఖాళీ, వాళ్లకది శనివారం రాత్రి, ఎవరూ రారు. మంగళ, బుధవారాలు అడగండి.

కర్నూల్‌రోడ్_క్లాస్

మంగళవారం పొద్దున ఏడింటి స్లాట్ పెడుతున్నా. మొదటి క్లాస్‌కి తెల్లకాగితాలు, చీటీలు సిద్ధం. ఎఫ్‌ఎన్‌యూ సంగతి ఇందాకే అడిగితే ముగ్గురికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది. వాళ్ల ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పేరు ఎలా పడిందో రేపు తెప్పించి చూస్తా.